తాత గొంతుక ఏ డబ్బాలో ఉంది?

మొన్న సొంత పనిమీద పలాస వైపు వెళ్ళి, తిరుగు ప్రయాణంలో జలంత్రకోటలో ఒక పూట ఆగాను. కంచిలి మండలంలో జాతీయ రహదారి పక్కనున్న ఊరు. అక్కడ నాకు చుట్టాలెవరూ లేరు. ఉన్నది ఒక పాఠకుడు! ఈ శీర్షిక వారం వారం చదువుతాడట. ‘‘గురువుగారూ, మీరిటొస్తే మా ఇంట్లో టీ తాగాలి. నాకో సందేహం ఉంది, అది ఉత్తరంలో రాస్తే తెగేది కాదు’’ అని కబురుపెట్టాడు. టీ అన్నాడుగానీ, వెళ్ళాక పళ్ళెం నిండా వేయించిన జీడిపప్పు కూడా పెట్టాడు. ఇలాంటి పాఠకులు ఊరికొకరుంటే నాలాంటివాడికి అంతకంటే ఏం కావాలి చెప్పండి!

కుర్రాడికి పాతికేళ్ళు దాటి ఉంటాయి. పెళ్ళిళ్ళకు వీడియోలు తీస్తాడు. ఆ డబ్బుతో పొట్టి సినిమాలు తీస్తాడు. ఎప్పటికైనా పెద్ద సినిమా తియ్యాలన్నది వాడి కల. (ఈ పత్రిక చదివేవాళ్ళలో ఆ కల లేనివారెవరో చెయ్యెత్తండి!) టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా అలమారలోంచి ఒక ప్లాస్టిక్ సంచి తీశాడు. అందులో ఒక హార్డు డిస్కు, అంచుల్లో తుప్పు.

‘‘ఇందులో మా తాత ఉన్నాడు గురువుగారూ’’ అన్నాడు.

నేను ఉలిక్కిపడ్డాను.

ఆ తాత వాడికి రక్తబంధువు కాదు. ఆ చుట్టుపక్కల ఊళ్ళల్లో జముకుల కథ చెప్పే పెద్దాయన. జముకు అంటే తెలుసుగా, ఒకవైపు చర్మం కట్టి, మధ్యనుంచి తీగ లాగి మీటే వాయిద్యం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో జాతరలకూ పండగలకూ రాత్రంతా కథ నడిపించేది ఆ తీగే. 2020 మార్చిలో విడుదలైన కరుణకుమార్ గారి ‘పలాస 1978’ చూసినవారికి ఆ కళ కొంత పరిచయమై ఉంటుంది. మనవాడు 2017 సంక్రాంతికి వరసగా మూడు రాత్రులు ఆ తాత ఎదురుగా కూచుని ఫోనులో మొత్తం పట్టాడు. 41 ముక్కలు, 52 జి.బి. మధ్యలో తాత ఆగి, ఫోనువైపు అనుమానంగా చూసి అడిగాడట:

‘‘ఒరే బావూ, నా గొంతుక ఈ డబ్బాలో ఉంటాదేటి?’’

‘‘ఉంటాది తాతా’’ అన్నాడట వీడు.

తరవాతి కథ మీరు ఊహించగలరు. ఫోను నిండిపోయింది. బొమ్మలన్నీ హార్డు డిస్కులోకి ఎక్కించి ఫోను ఖాళీ చేశాడు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 150 కిలోమీటర్ల వేగంతో గాలి! ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస అన్న తేడా లేకుండా తోటలు తోటలే పడుకున్నాయి. వీళ్ళింటి పెంకులు ఎగిరిపోయి, అలమారాలో ఉన్నదంతా ఒక రాత్రీ ఒక పగలూ నానింది. రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు రాగానే కుర్రాడు ఆత్రంకొద్దీ డిస్కును కంప్యూటరుకు తగిలించాడు. టక్ టక్ టక్ అని మూడుసార్లు కొట్టుకుని ఊరుకుంది. అంతే!

2020లో తాత పోయాడు. మిగిలింది చెన్నైలో ఉన్న మేనమామకు అప్పట్లో వాట్సాప్‌లో పంపిన రెండున్నర నిమిషాల ముక్క ఒక్కటే. అదీ బాగా కుదించుకుపోయి, తాత మొహం చదరాలు చదరాలుగా కనిపిస్తుంది.

‘‘నేను తాతకు అబద్ధం చెప్పినట్టయింది గురువుగారూ. ఇప్పుడేం చెయ్యమంటారు?’’ అన్నాడు. ఇదీ వాడి సందేహం. నిజమే, ఉత్తరంలో రాస్తే తెగేది కాదు.

*

కాసేపు ఆ కుర్రాణ్ణి అక్కడే కూచోబెట్టి, మిమ్మల్ని మద్రాసు తీసుకుపోతాను.

1980లలో నేనక్కడ ఒక ఎడిటింగ్ రూములో అప్రెంటిసుగా చేరాను. అప్పుడు సినిమా అంటే బరువు. అక్షరాలా బరువే! 35 ఎం.ఎం. ఫిల్ము నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. 400 అడుగుల డబ్బా పెడితే కెమెరాలో నాలుగున్నర నిమిషాలకు ముగిసిపోతుంది. రెండున్నర గంటల సినిమా అంటే 13,500 అడుగులు. అడుగడుగుకీ నిర్మాత జేబులోంచి డబ్బు పోతూంటుంది. అందుకని దేనికైనా లెక్క ఉండేది. క్లాపు బోర్డు మీద సీను నంబరు, షాటు నంబరు, టేకు నంబరు. అసిస్టెంటు డైరెక్టరు పుస్తకంలో ఏ టేకు ఓకే, ఏది ఎన్.జి. అన్నది. డబ్బా మూత మీద టేపు అంటించి తేదీ, రోలు నంబరు. నెగెటివ్ అంచున అచ్చయి వచ్చే నంబర్లు. ముక్కలు మేకులకు వేలాడేవి, ప్రతి ముక్కకూ ఒక చీటీ.

నేను చేరిన రెండోనెలలో ఒక డబ్బాకు చీటీ అంటించడం మర్చిపోయాను. మర్నాడు మూవియోలా ముందు డైరెక్టరుగారు కూచుని ‘‘ఆ క్లోజప్ ఏదీ?’’ అన్నారు. నూట ముప్ఫై డబ్బాలు విప్పితే సాయంత్రం అయిదింటికి దొరికింది. మా గురువుగారు నన్ను తిట్టలేదు. ‘‘వెతికితే దొరకని షాటు, తియ్యని షాటుతో సమానం’’ అని మాత్రం అన్నారు. తిడితేనే బాగుండేది, ఈపాటికి మర్చిపోయేవాణ్ణి.

ఇప్పుడు ఆ బరువు లేదు. ఫోనులో 4కె వీడియో తీస్తే పాత పద్ధతి కుదింపులో నిమిషానికి సుమారు 350 ఎం.బి., కొత్త పద్ధతిలో దాదాపు అందులో సగం. ఫిల్ము ఖర్చు లేదు కనుక ఒక షాటుకు పదిహేను టేకులు. క్లాపు కొట్టేవాడు లేడు. రాసుకునే పుస్తకం లేదు. ఫిల్ము ఖరీదు మాకు నేర్పిన క్రమశిక్షణ, ఉచితంగా వచ్చిన ఫైలు మీకు నేర్పలేదు. తప్పు మీది కాదు లెండి. కానీ నష్టం మాత్రం మీదే.

అన్నట్టు, మా కాలంలో అన్నీ భద్రంగా ఉండేవనుకునేరు! మన తెలుగువారి తొలి మూకీ ‘భీష్మప్రతిజ్ఞ’ (1921) ఇవాళ చూద్దామంటే ప్రింటు లేదు. దేశంలోనే మొదటి టాకీ ‘ఆలం ఆరా’ (1931) కూడా లేదు. పాత సినిమాల ప్రింట్లను వెండి కోసం కరిగించి అమ్ముకున్నవాళ్ళున్నారు. పుణెలో 1964లో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ పెట్టేసరికే చాలా పోయాయి. ఆ ఆర్కైవ్‌లో దాచిన నైట్రేట్ ఫిల్ములు 2003 జనవరిలో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. ఇంకోవైపు ‘మాయాబజార్’ (1957) చూడండి. 2010 జనవరిలో రంగుల్లో మళ్ళీ థియేటర్లకొచ్చింది. మూడుగంటల సినిమా అంటే సెకనుకు 24 లెక్కన దాదాపు 2 లక్షల 60 వేల ఫ్రేములు! రంగు వేసినవారి ఓపికకు దండం పెట్టాలి. కానీ యాభై మూడేళ్ళపాటు ఆ సినిమాను ఎవరో ఎక్కడో జాగ్రత్తగా దాచిపెట్టకపోతే రంగు దేనికి వేసేవారు?

*

‘‘మాలాంటి చిన్నవాళ్ళకే ఇలా అవుతుంది’’ అన్నాడు కుర్రాడు. కాదు నాయనా, పెద్దవాళ్ళకూ అయింది.

అమెరికాలో పిక్సార్ వారు ‘టాయ్ స్టోరీ 2’ తీస్తున్న రోజుల్లో, 1998లో, ఎవరో కంప్యూటరులో పొరపాటున ఒక ఆదేశం కొట్టారు. చూస్తూండగానే బొమ్మలు ఒక్కొక్కటే మాయం! టోపీ పోయింది, బూట్లు పోయాయి, తరవాత పాత్రలే పోయాయి. సరే, రోజూ కాపీ తీస్తున్నాం కదా అని ధైర్యంగా ఆ కాపీ తెరిచారు. అది కొన్నాళ్ళుగా సరిగ్గా పనిచెయ్యడమే లేదు! ఎవరూ తెరిచి చూసుకోలేదు. సినిమాను కాపాడింది గేలిన్ సుస్మన్ అనే సాంకేతిక నిపుణురాలు. పసిబిడ్డతో ఇంటిదగ్గరుండి పనిచేసుకోడానికి ఆవిడ ఒక కాపీ ఇంట్లో పెట్టుకున్నారు. ఆ కంప్యూటరును దుప్పట్లు చుట్టి, కారులో పెట్టి, పసిపిల్లను తెచ్చినట్టు తెచ్చారు. 1999లో సినిమా విడుదలైంది.

ఇందులో నీతులు రెండు. ఒకటి: కాపీ ఉందనుకోవడం వేరు, కాపీ తెరుచుకోవడం వేరు. రెండు: సినిమాను కాపాడింది ఆఫీసులో ఉన్న కాపీ కాదు, ఇంకోచోట ఉన్న కాపీ.

మన దగ్గర దానికి ఎదురు కథ జరిగింది. 2013 సెప్టెంబరులో ‘అత్తారింటికి దారేది’ విడుదలకు ముందే దాదాపు గంటన్నర భాగం ఇంటర్నెట్‌లోకి పొక్కింది. అక్టోబరులో రావలసిన సినిమాను హడావిడిగా సెప్టెంబరు 27నే విడుదల చేశారు. ప్రేక్షకులు ఆదరించారు కనుక సరిపోయింది. ఆదరించకపోతే? అంటే కాపీలు ఉండాలి, కానీ ఏ కాపీ ఎవరి దగ్గర ఉందో కూడా రాసిపెట్టి ఉండాలి. ఉచితంగా వచ్చింది కదా అని బజారులో పంచిపెట్టడం కాపీ దాచడం కాదు.

ఇవాళ థియేటర్లకు వెళ్ళే సినిమాకు ఈ సంగతి బాగా తెలుసు. ఒకప్పుడు శుక్రవారం తెల్లారితే ఊరూరా ఒకటే ప్రశ్న: ‘‘బాక్సు వచ్చిందా?’’ బాక్సు రైలు తప్పితే మొదటి ఆట తప్పినట్టే. ఇప్పుడు బాక్సు బదులు డి.సి.పి. అనే ఫైళ్ళ కట్ట వస్తుంది. దానిలో బొమ్మ సెకనుకు గరిష్ఠంగా 250 మెగాబిట్లు. లెక్కేస్తే గంటకు 112 జి.బి. దాకా పోవచ్చు. కట్ట చేతిలో ఉన్నంతమాత్రాన సినిమా ఆడదు. ఫలానా థియేటరులో ఫలానా ప్రొజెక్టరు మీద, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకే పనిచేసే తాళంచెవి వేరే ఫైలుగా వస్తుంది. అదీ క్రమం అంటే!

*

ఇక మీ ఇంట్లో, మీ ఫోనుతో, మీ చిన్న కంప్యూటరుతో ఏం చెయ్యాలి? ఆ కుర్రాడికి చెప్పిందే మీకూ చెబుతున్నాను. కాగితం, పెన్సిలు తెచ్చుకోండి. నవ్వకండి, నిజంగానే తెచ్చుకోండి.

మొదటిది పేరు. ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘అసలు ఫైనల్’, ‘ఇదే చివరి ఫైనల్’... ఈ నాలుగూ మీ కంప్యూటరులో ఉన్నాయని నేను పందెం కడతాను. వీటిలో ఏది ఆఖరుదో ఆర్నెల్ల తరవాత మీకే తెలీదు. ముందు సంవత్సరం, తరవాత నెల, తరవాత తేదీ, ఆ పిమ్మట కథ పేరు, సీను, టేకు ఉండాలి. ‘2026-01-14_జముకుల_సీను04_టేకు02’ అన్నమాట. సంవత్సరం ముందుంటే కంప్యూటరే వాటిని వరస క్రమంలో నిలబెడుతుంది. మార్పులు చేస్తూ పోతే చివర 01, 02, 03 అని వెయ్యండి. ‘ఫైనల్’ అనే మాటను సెన్సారు సర్టిఫికెట్ వచ్చాక వాడుకోవచ్చు.

రెండోది గది. ప్రతి సినిమాకూ ఒక పెద్ద ఫోల్డరు, అందులో ఎప్పుడూ అవే గదులు: రష్‌లు, శబ్దం, సంగీతం, స్టిల్స్, ఎడిటింగ్ ప్రాజెక్టు, కాగితాలు, బయటికి పంపినవి. కాగితాలంటే స్క్రిప్టు, నటులు సంతకం చేసిన ఒప్పుకోలు, పాట వాడుకోడానికి తీసుకున్న అనుమతి. పోటీకి పంపాల్సిన ఆఖరి రాత్రి వెతుక్కునేది అవే! అమ్మ వంటింట్లో పోపులపెట్టె చూడండి. ఆవాల గిన్నెలో ఎప్పుడూ ఆవాలే. అందుకే కరెంటు పోయినా పోపు ఆగదు.

మూడోది కాపీ. సాంకేతికులు దీన్ని 3-2-1 అంటారు. మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, వాటిలో ఒకటి వేరే ఊళ్ళో. ఉద్దానం వాళ్ళకు ఇది నేను చెప్పనక్కర్లేదు. ఒకే తోటలో ఉన్నవన్నీ ఒకే గాలికి పోతాయి. డిస్కు ఒకటి ఇంట్లో, ఇంకొకటి మేనత్తగారింట్లో, ముఖ్యమైనవి ఇంటర్నెట్ ఖాతాలో. గూగుల్ ఖాతాతో ఉచితంగా వచ్చే 15 జి.బి.లో పాత పద్ధతి కుదింపుతో తీసిన 4కె వీడియో ముప్పావుగంట కూడా పట్టదు. కనుక అన్నీ ఎక్కించలేరు. ఏది పోతే మళ్ళీ తియ్యలేమో అది ముందు ఎక్కించండి. పెళ్ళి విందు షాట్లు మళ్ళీ ఎక్కడైనా దొరుకుతాయి. తాత దొరకడు.

నాలుగోది ఓపిక. షూటింగ్ అయిన రాత్రి ఎంత నిద్రొచ్చినా ముందు కార్డులోది రెండుచోట్లకు కాపీ చెయ్యాలి. రెండూ తెరిచి, మొదలూ మధ్యా చివరా చూడాలి. అప్పుడే కార్డు ఖాళీ చెయ్యాలి. ఒక కాపీ మాత్రమే ఉన్నప్పుడు కార్డు తుడిచేవాడు నెగెటివ్‌ను పొయ్యిలో వేసినట్టే. మిత్రులకు పంపేటప్పుడు వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది కుదించేస్తుంది. డాక్యుమెంటుగా పంపితే ఉన్నదున్నట్టు వెళుతుంది.

అయిదోది పని వరస. ఎడిటింగ్ చేస్తూనే సంగీతం, సంగీతం చేస్తూనే రంగులు, రంగులు చేస్తూనే మళ్ళీ సీను మార్పు... ఇలా చేసేవాళ్ళ సినిమా ఎన్నటికీ పూర్తికాదు. ముందు అన్నీ చూసి, కాగితం మీద ఓకే టేకులు రాసుకోండి. తరవాత కత్తిరింపు. ‘ఇక బొమ్మ కదలదు’ అని ఒకరోజు గట్టిగా అనుకోండి, దాన్నే పిక్చర్ లాక్ అంటారు. ఆ పైనే సంగీతం, శబ్దం, రంగులు. కంప్యూటరు చిన్నదైతే అసలు ఫైళ్ళకు తేలికపాటి నకళ్ళు చేసుకుని, వాటి మీద ఎడిట్ చేసి, ఆఖర్న అసలువి తగిలించండి. మేం రష్ ప్రింటు మీద కోసి, ఆ తరవాతే నెగెటివ్‌కు కత్తెర పెట్టేవాళ్ళం. రెండూ ఒకటే విద్య!

*

‘‘ఇవన్నీ ఇకముందుకు గురువుగారూ. పోయినదాని సంగతేటి?’’ అన్నాడు కుర్రాడు.

తుప్పుపట్టిన డిస్కు చూసి నేనేం చెప్పగలను? తడిసిన డిస్కుకు కరెంటు ఇవ్వకూడదు, ఎండలో పెట్టకూడదు, నేరుగా ఆ విద్య తెలిసినవాళ్ళకు పంపాలి. ఆ మాట ఇప్పుడు చెప్పి ఏం లాభం? ఊరికే అడిగాను, ‘‘ఆ రోజు తీసిన ఫోను ఏదీ?’’ అని.

తుపాను రాత్రి అది వాడి జేబులో ఉందట. తరవాత కొత్త ఫోను కొన్నాక సొరుగులో పడేశాడు. ‘‘కానీ కార్డు ఖాళీ చేసేశాను కదండీ!’’

ఖాళీ చెయ్యడమంటే ఏమిటనుకుంటున్నారు? కార్డు మనం అనుకున్నట్టు పలక తుడిచినట్టు తుడవదు. పుస్తకంలో విషయసూచిక పేజీ చింపేస్తుంది, అంతే. కొత్త ఫైలొచ్చి పైన కూచునేదాకా పాత పేజీలు చాలావరకు అక్కడే ఉంటాయి. అందుకే పొరపాటున తుడిచినప్పుడు చెయ్యవలసిన మొదటి పని, ఇంకేమీ చెయ్యకపోవడం. ఒక్క ఫొటో కూడా కొత్తగా తియ్యకూడదు.

మనవాడు ఆ తరవాత అదే కార్డులో రెండు పెళ్ళిళ్ళు తీశాడు. అయినా ఆశ చావదుగా! కార్డు బయటికి తీశాం. పోయినవి వెతికే సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టి, దొరికినవి వేరే డిస్కులోకి వచ్చేలా చూసుకుని నొక్కాం. రెండుగంటలు పట్టింది. ఆ రెండుగంటలూ వాళ్ళమ్మగారు మూడుసార్లు టీ పెట్టారు. ఒక్కరం తాగలేదు.

41 ముక్కల్లో 17 పేర్లు కనిపించాయి. వాటిలో 11 తెరుచుకోలేదు. ఆరు తెరుచుకున్నాయి.

నాలుగోదానిలో కథ లేదు. తాత జముకు ఒళ్ళో పెట్టుకుని తీగ సవరించుకుంటున్నాడు. తలెత్తి సూటిగా మావైపు చూశాడు. ‘‘ఒరే బావూ, నా గొంతుక ఈ డబ్బాలో ఉంటాదేటి?’’

‘‘ఉంటాది తాతా’’ అంది తెరవెనక ఒక లేతగొంతు.

కుర్రాడు లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. నేను వెనకాలే వెళ్ళలేదు. కొన్ని సీన్లకు కట్ చెప్పకూడదు.

పావుగంటకు తిరిగొచ్చి, మొహం తుడుచుకుని కూచుని, ఒక్కమాటైనా మాట్లాడకుండా ఆరు ఫైళ్ళకూ పేర్లు పెట్టాడు. ముందు సంవత్సరం, నెల, తేదీ. ఒక కాపీ తన డిస్కులో, ఒకటి మేనమామకు చెన్నై. మూడోది ఎవరికని అడిగాను.

‘‘తాత మనవరాలికి. కవిటిలో ఉంటాది. ఆ గొంతుక వాళ్ళదే గదండీ’’ అన్నాడు.

ఈ మాట నేను చెప్పిన అయిదింటిలో లేదు. దాన్ని ఆరోదిగా మీరే రాసుకోండి.

వచ్చేవారం కలుద్దాం. ఈలోగా మీ సొరుగుల్లో పడున్న పాత ఫోన్లు ఒకసారి బయటికి తియ్యండి. ఎవరి గొంతుక ఏ డబ్బాలో ఉందో ఎవరికి తెలుసు!